ఇంట్లో డార్క్‌రూమ్ సింకు కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇంట్లోనే డార్క్‌రూమ్ (ఫిల్మ్ ఫోటోలు కడిగే చీకటి గది) పెట్టుకుని ప్రింట్లు వేసుకోవాలనుకునేవాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ చేర్చాం. కొలతలన్నీ ఒకే సింకువి: ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 18 ఎంఎం ప్లైవుడ్, లోపల ఫైబర్‌గ్లాస్. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. సింకు కారితే మూలల్లో కారుతుంది, లేదా డ్రైన్ రంధ్రం దగ్గర కారుతుంది. మిగతా చోట్ల చిన్న లోపం ఉన్నా నడుస్తుంది కానీ ఈ రెండు చోట్లా తొందర పనికిరాదు.

## మొదలుపెట్టే ముందు

అసలు సింకు అవసరమా? బాత్‌రూమ్‌లో ట్రేలు పరుచుకుంటే సరిపోదా?

ఫిల్మ్ మాత్రమే కడిగేవాళ్లకు అక్కర్లేదు. డెవలపింగ్ ట్యాంకు, బకెట్టు, వంటింటి కుళాయి చాలు. ప్రింట్లు వేస్తే మాత్రం సింకు ఉండాలి. కాగితం వరసగా డెవలపర్ (బొమ్మ తేల్చే మందు), స్టాప్ బాత్ (డెవలపర్ పని ఆపేది), ఫిక్సర్ (బొమ్మ చెరగకుండా నిలిపేది) ట్రేల్లోకి మారే ప్రతిసారీ చుక్కలు రాలతాయి. నేల మీద పడిన ఫిక్సర్ ఎండి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి ఫ్యాను గాలికి లేచి నెగెటివ్‌ల మీద, ఆరబెట్టిన ప్రింట్ల మీద వాలి మచ్చలు వేస్తుంది. సింకు ఉంటే ఆ చుక్కలన్నీ తొట్టిలోనే పడతాయి, రెండు మగ్గుల నీళ్లు పోస్తే డ్రైన్‌లోకి పోతాయి. బాత్‌రూమ్ నేల మీద వంగి రెండు గంటలు ప్రింట్లు వేస్తే నడుము పడే బాధ కూడా తప్పుతుంది.

ఎంత పెద్ద సింకు కట్టాలి?

మీరు వేయబోయే అతి పెద్ద ప్రింటును బట్టి నిర్ణయించుకోండి. 8×10 అంగుళాల ట్రే బయటి కొలత సుమారు 10×12 అంగుళాలు. పొట్టి వైపు ముందుకు పెట్టి మూడు ట్రేలు వరసగా పేరిస్తే 32 అంగుళాలు పడుతుంది. ఆరడుగుల సింకులో వాటి పక్కన ప్రింట్లు కడిగే పెద్ద ట్రేకి, కొలత గ్లాసులు కడుక్కోవడానికి కూడా చోటు మిగులుతుంది. రెండడుగుల వెడల్పులో 16×20 ట్రే పడుతుంది. అంతకన్నా వెడల్పు పెంచొద్దు, వెనక ఉన్న ట్రే అందుకోవడానికి సింకు మీదికి వాలాల్సి వస్తుంది. లోతు ఆరు అంగుళాలు చాలు.

చోటు నాలుగడుగులే ఉంటే అంతే కట్టండి. కడిగే ట్రేని బాత్‌రూమ్‌లో పెట్టుకోవచ్చు. ఇంకో మార్గం ట్రేలను ఒకదాని మీద ఒకటి మెట్లలా నిలిపే స్టాండు.

అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. గోడకి మేకు కొట్టినా ఓనర్ ఒప్పుకోడు. ఎలా?

స్లాటెడ్ యాంగిల్ (వరసగా కంతలున్న ఇనుప పట్టీ) స్టాండు మీద విడిగా నిలబడే సింకు కట్టండి. నట్లూ బోల్టులూ విప్పితే స్టాండు రాడ్లుగా విడిపోతుంది. తొట్టి మాత్రం ఒకే ముక్క. కట్టే ముందే మీ తలుపు వెడల్పు, లిఫ్టు లోపలి కొలత, మెట్ల మలుపు టేపుతో కొలవండి. ఆరడుగుల తొట్టి చాలా అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో నిలువుగా పెడితేనే పడుతుంది. డ్రైన్ కోసం కూడా గోడ పగలగొట్టక్కర్లేదు. సింకు కింద నుంచి మెత్తటి వేస్ట్ పైపు తెచ్చి వాష్ ఏరియాలోనో బాత్‌రూమ్‌లోనో ఉన్న నహానీ ట్రాప్‌లోకి (నేల మీది నీళ్లు పోయే కంత) వదలొచ్చు. అదీ కుదరకపోతే సింకు కింద 20 లీటర్ల బకెట్టు పెట్టండి. ప్రింట్లు కడిగే నీళ్లు ఒక్కసారికే అంతకన్నా ఎక్కువ కాబట్టి, ఆ పని బాత్‌రూమ్‌లో చేసుకోవాలి.

ఇంట్లో కడప రాయి ప్లాట్‌ఫారం ఉంది. దాని మీదే అంచులు కట్టి సింకు చేసుకోవచ్చా?

వద్దు. కడప రాయి, షాబాద్ బండ, తాండూరు బండ మూడూ సున్నపురాయి జాతివే. స్టాప్ బాత్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లం. అది సున్నపురాయిని తినేస్తుంది. ఒక మూల కాస్త వెనిగర్ పోస్తే బుడగలు వస్తాయి, మీరే చూడొచ్చు. కొన్ని నెలల్లో పాలిష్ పోయి, రాయి గరుకై, ఆ గరుకులో ఫిక్సర్ ఇంకి, ఎంత కడిగినా పోదు. టైల్స్ వేసిన తొట్టిలో కూడా టైల్ బాగానే ఉంటుంది కానీ మధ్యలోని సిమెంటు పాడవుతుంది. గ్రానైట్ అయితే ఆమ్లానికి తట్టుకుంటుంది, ట్రేలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. దానికి అంచులు అతికించి నీళ్లు నిలబెట్టడం మాత్రం మామూలు సిలికాన్‌తో ఎక్కువ కాలం నిలిచే పని కాదు.

స్టీల్ సింకు చేయించుకుంటే ఈ తంటా అంతా ఉండదు కదా?

డబ్బు పెట్టగలిగితే మంచిదే. బాలానగర్, జీడిమెట్ల వైపు స్టీల్ ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లు మీరిచ్చిన కొలతకు వంచి వెల్డింగ్ చేస్తారు. కాకపోతే గ్రేడు చూసుకోండి. వంటింటి సింకులకు వాడే 304 స్టీలు మీద ఫిక్సర్ ఎండనిస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. అవి మొదట వెల్డింగ్ గీతల వెంట కనిపిస్తాయి. 316 గ్రేడు దీనికి ఎక్కువ తట్టుకుంటుంది, ధర కూడా ఎక్కువే. జీఐ రేకు అసలు వాడొద్దు. ఆమ్లం తగిలి జింకు పూత కరిగిపోతుంది. రాగి, ఇత్తడి కూడా డెవలపర్‌కి తగలకూడదు. కొద్దిపాటి రాగి కలిసినా డెవలపర్ చెడి ఫాగ్ (ప్రింటు మీద మసక) వస్తుంది.

ఎంత ఎత్తులో పెట్టాలి?

నిటారుగా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచెయ్యి దాకా కొలవండి. అందులోంచి ఆరేడు అంగుళాలు తీసేస్తే ట్రే అడుగు ఉండాల్సిన ఎత్తు వస్తుంది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి ఇది సుమారు 35 అంగుళాలు. ఇంట్లో ఇద్దరు వాడేట్టయితే పొడుగు మనిషి కొలతే తీసుకోండి. పొట్టివాళ్లు చిన్న పీట మీద నిలబడొచ్చు, పొడుగువాళ్ల నడుముకి అలాంటి ఉపాయం లేదు.

## సామాన్లు

ఏ ప్లైవుడ్ తీసుకోవాలి? మెరైన్ ప్లై తప్పనిసరా?

ఐఎస్ 710 అచ్చు ఉన్న 18 ఎంఎం షీటు తీసుకోండి. దుకాణాల్లో బీడబ్ల్యూపీ అనీ మెరైన్ అనీ అనేది ఇదే. ఈ ప్రమాణం ప్రకారం ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదు. ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ రకం కొంచెం చవక. ఫైబర్ పొర సరిగ్గా పడితే దానితోనూ నడుస్తుంది. కానీ ఎక్కడైనా సన్నటి పగులు వస్తే లోపలికి దిగిన తడి నెలల తరబడి బయటపడదు, ఆ లోపు చెక్క ఉబ్బిపోతుంది. ఒక్క షీటుతో అయ్యే పనికి ధరలో ఆ తేడా మిగుల్చుకోవడం తెలివి కాదు. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఏ పూత వేసినా వద్దు.

మొత్తం ఏమేం కొనాలి, ఎంతెంత?

- 8×4 అడుగుల 18 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒకటి
- 50 ఎంఎం స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు సుమారు 60, నీళ్లకు తట్టుకునే చెక్క జిగురు అరకిలో
- చదరపు మీటరుకు 300 గ్రాములుండే చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (తెగిన ఫైబర్‌గ్లాస్ పోగుల చాప) 2 కిలోలు
- పాలియెస్టర్ రెసిన్ 6 కిలోలు, దానికి తగ్గ కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగవంతం చేసేది), ఎంఈకేపీ హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచేది)
- టాల్క్ పొడి ఒక కిలో, వ్యాక్స్ సొల్యూషన్, అసిటోన్ ఒక లీటరు
- రెండు అంగుళాల బ్రష్‌లు అరడజను, ఫైబర్ రోలర్ ఒకటి
- ఫుల్ థ్రెడ్ ప్లాస్టిక్ వేస్ట్ కప్లింగ్ (డ్రైన్ రంధ్రంలో బిగించేది), బాటిల్ ట్రాప్ (నీళ్లు నిలిపి మురుగు వాసన ఆపేది), వేస్ట్ పైపు

మ్యాట్ లెక్క ఇలా వచ్చింది: తొట్టి లోపలి భాగం, వెనక పలకతో కలిపి, సుమారు 25 చదరపు అడుగులు. అంచుల మీదికి మడిచేది, ఒకదాని మీద ఒకటి ఎక్కించేది కలిపితే పొరకు మూడు చదరపు మీటర్లు. రెండు పొరలకు 1.8 కిలోలు. మ్యాట్ తన బరువుకు రెండున్నర రెట్లు రెసిన్ తాగుతుంది. మొదటి పూత, చివరి పూత అదనం.

గొట్టాలు, హార్డ్‌వేర్ రాణిగంజ్‌లో, శానిటరీ సామాను ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి. రెసిన్ కొనేటప్పుడు అందులో కోబాల్ట్ ముందే కలిపి ఉందా లేదా అని తప్పకుండా అడిగి, డబ్బా మీద రాసుకోండి.

పాలియెస్టర్ బదులు ఎపాక్సీ వాడితే మంచిది కాదా?

చెక్కకు ఎపాక్సీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, వాసన తక్కువ, ధర బాగా ఎక్కువ. వాడాలనుకుంటే మ్యాట్ కాకుండా నేసిన ఫైబర్ గుడ్డ తీసుకోండి. మ్యాట్‌లోని పోగులను పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్‌కి కరిగేలా చేసింది. ఎపాక్సీలో అది కరగక మ్యాట్ మూలల్లో లొంగదు. అరాల్డైట్ ఎల్‌వై 556, హార్డెనర్ హెచ్‌వై 951 జత వాడితే బరువు లెక్కన పదికి ఒకటి కలపాలి. తూకం యంత్రం లేకుండా అంచనాతో కలిపితే అక్కడక్కడా మెత్తగానే ఉండిపోతుంది.

## చెక్క పని

ఒక్క షీటులో అన్ని ముక్కలూ వస్తాయా? ఎలా కోయించాలి?

వస్తాయి. షీటును ముందు 72 అంగుళాల దగ్గర అడ్డంగా కోయించండి. ఆ 72×48 ముక్కను పొడవునా మూడు చేయండి: 24 అంగుళాలు అడుగుకి, 7 అంగుళాలు ముందు పలకకి, 16 అంగుళాలు వెనక పలకకి. మొత్తం 47. రంపం తినేది పోగా ఇంకా కాస్త మిగులుతుంది. వెనక పలక ఎత్తుగా ఉండటం వల్ల నీళ్లు గోడ మీదికి చిందవు, వేరే అడ్డు పెట్టక్కర్లేదు. మిగిలిన 24×48 ముక్కలోంచి ఏడంగుళాల వెడల్పున రెండు పక్క పలకలు తీయండి. వాటి పొడవు ఇరవైనాలుగు కాదు. ముందు, వెనక పలకల మందం కూడా కప్పాలి కాబట్టి సుమారు 25 అంగుళాల మూడు సూత్‌లు (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) వస్తుంది. దాన్ని ముందే కోయించకుండా, మిగతావి బిగించాక అక్కడే కొలిచి కోస్తే మూల ఖాళీ లేకుండా కూర్చుంటుంది.

స్క్రూలు బిగిస్తుంటే ప్లై అంచు చీలిపోతోంది. ఏం చేయాలి?

ముందుగా 3 ఎంఎం బిట్‌తో రంధ్రం వేసి, ఆ తర్వాతే స్క్రూ ఎక్కించండి. ఆరు అంగుళాలకొకటి చాలు, మూల నుంచి కనీసం రెండు అంగుళాలు వదలండి. బయటికి పొంగిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడవండి. ఎండిన జిగురు మీద రెసిన్ పట్టదు.

మూలలు ఎందుకు గుండ్రంగా చేయాలంటారు?

ఫైబర్ మ్యాట్ తొంభై డిగ్రీల మూలలో కూర్చోదు. రోలర్ ఎంత నొక్కినా మూలకూ మ్యాట్‌కూ మధ్య గాలి మిగులుతుంది. గట్టిపడ్డాక ఆ చోట వెనక ఆధారం లేని పెంకు మాత్రమే ఉంటుంది. నీళ్ల బరువు పడ్డప్పుడో, కొలత గ్లాసు జారి తగిలినప్పుడో అది పగులుతుంది. కొత్త సింకులు కారే మొదటి కారణం ఇదే.

రెసిన్‌లో టాల్క్ పొడి కలిపి అట్టు పిండికన్నా గట్టిగా, గరిటె నుంచి జారనంత ముద్ద చేయండి. హార్డెనర్ చివర కలపండి. అన్ని లోపలి మూలల్లోనూ ఆ ముద్ద పెట్టి పెద్ద చెంచా వీపుతో ఒకే ఊపులో లాగితే సుమారు 20 ఎంఎం వంపు వస్తుంది. నిలువు మూలలు మరిచిపోవద్దు. మూడు పలకలు కలిసే నాలుగు చోట్లా వేలికి గ్లోవ్ వేసి నునుపు చేయండి. ఎండాక 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, పొడి దులిపి, అప్పుడు మ్యాట్ పని మొదలుపెట్టాలి. కారు బాడీ పనివాళ్లు వాడే పుట్టీ కూడా ఇదే జాతి కాబట్టి అదైనా పనికొస్తుంది.

వాలు ఎంత ఉండాలి? అడుగు పలకనే వంచి బిగించాలా?

తొట్టిని మూలమట్టంగానే కట్టి, స్టాండు మీద ఒక వైపు ఎత్తితే చాలు. అడుగు పొడవుకు పావు అంగుళం, అంటే మేస్త్రీ లెక్కలో రెండు సూత్‌లు. ఆరడుగులకు మొత్తం అంగుళంన్నర. అలాగే వెనక వైపు అర అంగుళం దించితే నీళ్లన్నీ వెనక మూలలో ఉన్న డ్రైన్ వైపు పోతాయి. మట్టం గొట్టంతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) చూడండి. చిన్న స్పిరిట్ లెవల్ ఇంత పొడవులో తప్పుదారి పట్టిస్తుంది.

సింకు వాలుగా ఉన్నా ట్రేలు మాత్రం సమంగా ఉండాలి. లేకపోతే డెవలపర్ ఒక పక్కకి చేరి ప్రింటు రెండో పక్క పాలిపోతుంది. అందుకే లోపల జాలీ కావాలి. 25 ఎంఎం సీపీవీసీ పైపులతో నిచ్చెనలా చేసి, కాళ్లు ఒక వైపు పొడుగ్గా, ఇంకో వైపు పొట్టిగా కోస్తే సరిపోతుంది. రెండు మూడు ముక్కలుగా చేస్తే ఎత్తి కడగడం సులువు. చెక్క రీపులు రసాయనాలు పీల్చి నల్లబడతాయి.

స్టాండు ఎంత బలంగా ఉండాలి?

మూడంగుళాల నీళ్లు పడితే 85 లీటర్లు, అంటే 85 కిలోలు. డ్రైన్ మూసుకుపోయి అంచు దాకా నిండితే అంతకు రెట్టింపు. తొట్టి, ట్రేలు, మీరు చేతులు ఆనించే బరువు కలుపుకుని 250 కిలోలకు తట్టుకునేలా చూడండి. అడుగు పలక కింద అడుగున్నరకొక అడ్డపట్టీ ఉండాలి. లేకపోతే మధ్యలో కుంగి నీళ్లు అక్కడే నిలుస్తాయి. ఇనుప యాంగిల్‌కి రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన ఎనామిల్ పూయండి, కాళ్లకు ప్లాస్టిక్ బూట్లు తొడగండి.

## ఫైబర్ పని

రెసిన్, కోబాల్ట్, హార్డెనర్ ఏ వరసలో కలపాలి?

ముందు రెసిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలపాలి. ఆ తర్వాతే ఎంఈకేపీ. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయొద్దు. మంట లేవొచ్చు, పేలొచ్చు. రెండింటి సీసాలూ గదిలో చెరో మూల పెట్టండి, కొలిచే సిరంజీలు కూడా వేరువేరుగా ఉండాలి. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోకుండా మూత తీయకండి. పొరపాటున పడితే వెంటనే పావుగంట ఆగకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

కోబాల్ట్ కలిపిన రెసిన్ ఒక్కసారికి అరకిలోకి మించకుండా తీసుకోండి. ఎంఈకేపీ ఒక శాతం, అంటే సుమారు 5 మిల్లీలీటర్లు. ఎక్కువ కలిపితే గిన్నెలోనే ఉడికి గడ్డ కడుతుంది. మిగిలిన గడ్డ వేడిగా పొగలు కక్కుతుంటే చెత్తబుట్టలో వేయకుండా ఆరుబయట సిమెంటు నేల మీద చల్లారనివ్వండి.

మ్యాట్ ఎలా పరవాలి? తెల్ల మచ్చలు వస్తున్నాయి.

ముందు మ్యాట్ లేకుండా పల్చని రెసిన్ పూత ఒకటి చెక్కకు ఇంకనివ్వండి. చేతికి జిగురుగా ఉన్నప్పుడే నాలుగంగుళాల మ్యాట్ పట్టీలు మూలల వెంట వేయండి. తర్వాత అడుగు, చివర గోడలు. అతుకుల దగ్గర రెండంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకూడదు. కత్తెరతో నీటుగా కత్తిరించకుండా చేత్తో చింపితే అంచు పలచబడి అతుకు గట్టు కట్టదు.

బ్రష్‌తో గీయకూడదు, పొడుస్తున్నట్టు అద్దాలి. గీస్తే పోగులు లేచి వస్తాయి. తెల్ల మచ్చ అంటే అక్కడ రెసిన్ తాగలేదనో, గాలి చిక్కుకుందనో అర్థం. తడిగా ఉండగానే కాస్త రెసిన్ అద్ది రోలర్ తిప్పితే పోతుంది. ఎండిపోతే ఆ ముక్కను గరుకు కాగితంతో తీసేసి కొత్తది వేయాల్సిందే. మూలలో ఉన్న తెల్ల మచ్చను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు.

రెండు రోజులైంది. ఇంకా వేలికి అంటుకుంటోంది. పాడైపోయినట్టేనా?

కాదు. గాలి తగిలే పై పొరలో పాలియెస్టర్ పూర్తిగా గట్టిపడదు, అది దాని గుణం. చివరి పూతలో మాత్రమే వ్యాక్స్ సొల్యూషన్ కలపండి, అమ్మేవాళ్లు చెప్పిన పాళ్లలో. గట్టిపడుతున్నప్పుడు మైనం పైకి తేలి గాలిని ఆపుతుంది. మధ్య పూతల్లో కలిపితే దాని మీద తర్వాతి పూత పట్టదు. గోరు గుచ్చితే లోపలిదాకా మెత్తగా దిగుతోందంటే మాత్రం హార్డెనర్ తక్కువైంది. అది గీకి తీసేయాలి.

ఈ పని ఏ కాలంలో చేయాలి?

హైదరాబాద్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పగటిపూట అనుకూలం. మే నెలలో నలభై డిగ్రీల ఎండలో రోలర్ పట్టుకునేలోపే రెసిన్ బిగుసుకుంటుంది. తప్పదంటే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించాలి, ఒక్కోసారికి పావుకిలోనే కలపాలి. వానాకాలంలో అసలు సమస్య చెక్కలోని తడి. తడి చెక్క మీద పొర పట్టినట్టే కనిపించి ఆ తర్వాత ఊడుతుంది. వాసన ఘాటు కాబట్టి మేడ మీదో, బాల్కనీలోనో చేయండి, చుట్టుపక్కల మంట ఉండకూడదు. పొర గట్టిపడ్డాక కూడా వారం ఆరనిచ్చి, వాసన పోయాకే కాగితం, ఫిల్మ్ ఆ గదిలోకి తేవాలి. పచ్చి పూతల నుంచి వచ్చే ఆవిర్లు వాటిని ఫాగ్ చేస్తాయి.

ఫైబర్ లేకుండా మంచి పెయింటు కొడితే?

ఎనామిల్ అయితే కొద్ది నెలలే. రెండు డబ్బాల ఎపాక్సీ పెయింటు మూడు పూతలు వేస్తే ఇంకొంత కాలం. పెయింటు సాగదు, చెక్క మాత్రం కాలానికి తగ్గట్టు సాగి ముడుచుకుంటుంది, దాంతో మూలల్లో వెంట్రుక పగుళ్లు వస్తాయి. పెయింటు సింకు బయటికి, కింది వైపుకి తప్పకుండా వేయండి. అక్కడ నుంచి కూడా తడి ఎక్కుతుంది.

## డ్రైన్, నీళ్లు, కరెంటు

వేస్ట్ కప్లింగ్‌లో హాఫ్ థ్రెడ్, ఫుల్ థ్రెడ్ అంటారు. ఏది?

ఫుల్ థ్రెడ్. హాఫ్ థ్రెడ్ దానికి పక్కన కంతలుంటాయి. ఓవర్‌ఫ్లో దారి ఉన్న వాష్ బేసిన్ల కోసం చేసింది అది. మన సింకులో ఆ కంతలు సరిగ్గా ప్లైవుడ్ మందం మధ్యకి వస్తాయి. పోయే నీళ్లు కాస్తా చెక్కలోకి పోతాయి.

డ్రైన్ రంధ్రం దగ్గర తడి ఆగట్లేదు. ఎలా బిగించాలి?

రంధ్రం కోసిన చోట ప్లైవుడ్ పొరల కొనలు బయటపడతాయి. నీళ్లు పీల్చేది అవే. కాబట్టి రంధ్రం ఫైబర్ వేయకముందే కోయండి. లోపలి అంచుకి రెసిన్ మూడు పూతలు పట్టించి, మ్యాట్‌ని రంధ్రంలోకి మడవండి. కప్లింగ్ అంచు కూర్చునేంత మేర, చుట్టూ 3 ఎంఎం లోతు చెక్క ముందే తొలిచి ఉంచాలి. లేకపోతే అంచు ఎత్తుగా నిలిచి, దాని చుట్టూ ఎప్పుడూ ఒక చెంచాడు నీళ్లు మిగులుతాయి. బిగించేటప్పుడు పైన సిలికాన్, కింద రబ్బరు వాషర్. ప్లాస్టిక్ నట్టు కాబట్టి చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పుడే. ఒకరోజు ఆరాక నీళ్లు పోయండి.

పరీక్షకు మూడంగుళాల నీళ్లు నింపి, కింద పాత పేపర్లు పరిచి ఇరవైనాలుగు గంటలు వదిలేయండి. చిన్న ఊట కూడా కాగితం మీద మచ్చగా తెలిసిపోతుంది.

డ్రైన్ పైపు నుంచి మురుగు వాసన వస్తోంది.

ట్రాప్ లేకపోయినా, ఉండీ ఎండిపోయినా వస్తుంది. సింకు కింద బాటిల్ ట్రాప్ పెట్టండి. వారాల తరబడి వాడకపోతే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి, ఒక మగ్గు పోస్తే చాలు. పైపు నహానీ ట్రాప్ దాకా కిందికే వాలాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు.

మాకు బోరు నీళ్లే. పనికొస్తాయా?

కడగడానికి వస్తాయి, ఇసుక రాకుండా ఫిల్టరు పెట్టుకోండి. జలమండలి పంపే కృష్ణా, మంజీరా, గోదావరి నీళ్లతో పోలిస్తే బోరు నీళ్లలో సున్నం బాగా ఎక్కువ. పొడి డెవలపర్ అందులో కలిపితే తెల్లటి మడ్డి తేలొచ్చు. డెవలపర్‌కి, ఫిల్మ్ చివరి కడుగుడుకి డిస్టిల్డ్ వాటర్ వాడండి, ఆర్ఓ నీళ్లయినా సరే. అలా చేస్తే ఫిల్మ్ మీద నీటి చుక్కల మరకలు పడవు.

ఎండాకాలంలో డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఎలా నిలపాలి?

పైట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి వేడినీళ్లయిపోతాయి కాబట్టి తెల్లవారుజామునే పట్టి ఉంచుకోండి. మట్టి కుండలోనో రంజన్‌లోనో పోసి పెడితే, పొడి ఎండల్లో బాగా చల్లబడతాయి. గాలిలో తేమ పెరిగే జులై, ఆగస్టుల్లో ఆ ఉపాయం అంతగా పారదు. అప్పుడు ఐసే. లెక్క సులువు: పది లీటర్ల నీళ్లను 32 నుంచి 22 డిగ్రీలకు దించడానికి ఒక కిలో ఐస్ కావాలి. ఐస్‌ను మందులో (డెవలపర్‌లో) వేయకుండా చుట్టూ ఉన్న నీళ్లలో వేయాలి.

సింకునే నీళ్ల తొట్టిగా చేసుకోవాలంటే డ్రైన్‌లో బిగుతుగా పట్టే పీవీసీ పైపు ముక్క నిలబెట్టండి. అంతకు మించిన నీళ్లు దానిలోంచి పోతాయి. దాని ఎత్తు జాలీ కన్నా అర అంగుళమే ఎక్కువ ఉండాలి. అంగుళం దాటితే లీటరు మందు ఉన్న 8×10 ట్రే పడవలా తేలి ఒరిగిపోతుంది. నిజానికి ఉష్ణోగ్రత పట్టింపు డెవలపర్‌కే. ఆ ఒక్క ట్రేని పెద్ద టబ్బులో పెట్టి దాని చుట్టూ చల్లటి నీళ్లు పోస్తే ఐస్ చాలా మిగులుతుంది.

ఫిల్మ్‌కి 24 డిగ్రీలే వస్తే టైము తగ్గించి పని చేసుకోవచ్చు. 20 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పట్టేది అక్కడ సుమారు ఏడు. మందు, కడిగే నీళ్లు ఒకే వేడిమిలో ఉండటం ముఖ్యం. 30 దగ్గరికి వెళ్తే జిలటిన్ మెత్తబడి గీతలు పడుతుంది.

నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ప్రింట్లు కడగడానికి అన్ని నీళ్లెక్కడివి?

కుళాయి తిప్పి వదిలేయక్కర్లేదు. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ కాగితానికి మూడుసార్లు కొత్త నీళ్లు మార్చి, ట్రేని కదుపుతూ ఉంటే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ కాగితం ఫిక్సర్‌ని లోపలికి పీల్చుకుంటుంది. కాసేపు కడిగాక లీటరుకు 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఆడించి, ఆ తర్వాత మళ్లీ కడిగితే గంట కడుగుడు బాగా తగ్గుతుంది. ఫిల్మ్‌కి ట్యాంకులో నీళ్లు నింపి అయిదుసార్లు తిరగేసి పారబోయండి. మళ్లీ నింపి పదిసార్లు, మూడోసారి ఇరవైసార్లు. ఫిల్మ్ తయారుచేసే ఇల్ఫర్డ్ కంపెనీ చెప్పే పద్ధతి ఇది, దీనికి మూడు ట్యాంకుల నీళ్లు చాలు.

ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం), సింకు ఒకే గదిలో ఉంటే షాక్ కొట్టదా?

గది మధ్య నడిచే దారి ఉంచి, తడి పని ఒక గోడకి, ఎన్‌లార్జర్ ఎదుటి గోడకి పెట్టండి. ప్లగ్గులేవీ సింకు పైన గానీ కింద గానీ ఉండకూడదు. ఆ గది లైనుకు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎన్‌లార్జర్‌ని ముట్టుకునే ముందు చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలు దారిలోనే వేలాడాలి. ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఎక్కడ?

సింకు వెనక గోడకి, ట్రేలకు కొంచెం పైన. పైకప్పు దగ్గర పెడితే ఆవిర్లు మీ ముఖం ముందు నుంచే పోతాయి. గాలి లోపలికి వచ్చే దారి ఎదుటి వైపు, తలుపు కింద ఉండాలి. 6×8 అడుగుల గదికి ఆరంగుళాల ఫ్యాను సరిపోతుంది. వెలుతురు రాకుండా బయట నల్లరంగు పూసిన మలుపు గొట్టం పెట్టుకోండి.

## వాడటం మొదలయ్యాక

ట్రేలు ఏ వరసలో పెట్టాలి?

వాలు పై చివర డెవలపర్, తర్వాత స్టాప్, ఫిక్సర్, డ్రైన్ పక్కన కడిగే ట్రే. అప్పుడు ఫిక్సర్ చిందినా డెవలపర్ వైపు పారదు.

గోధుమరంగు మరకలు పోవట్లేదు. బాత్‌రూమ్ యాసిడ్ వేయొచ్చా?

వద్దు. ఫిక్సర్ మీద యాసిడ్ పడితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. బ్లీచింగ్ పౌడరూ వద్దు. స్టాప్ బాత్‌తో కలిస్తే క్లోరిన్, అమ్మోనియం ఉన్న ఫిక్సర్‌తో కలిస్తే క్లోరమీన్ పుడతాయి, కిటికీ లేని గదిలో రెండూ ప్రమాదమే. పని అయిన వెంటనే నీళ్లు కొట్టి మెత్తటి స్పాంజితో తుడిస్తే చాలు. పాత మరకల వల్ల ప్రింటుకు నష్టం లేదు.

వాడిన ఫిక్సర్ డ్రైన్‌లో పోయొచ్చా?

పోయొద్దు. అందులో కరిగిన వెండి ఉంటుంది, అది నీటిలోని జీవాలకు విషం. డెవలపర్, స్టాప్ బాత్ ఇంటి మోతాదులో అయితే ఎక్కువ నీళ్లతో కలిపి మురుగు కాలువలోకి వదలొచ్చు. ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉంటే అవి కూడా వద్దు. ఫిక్సర్‌ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి, మామూలు స్టీల్ ఊల్ వేసి కొన్ని రోజులు ఉంచండి. ఇనుము కరుగుతూ ఉంటే వెండి నల్లటి మడ్డిగా దిగుతుంది. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు ఇందుకు పనికిరాదు, తుప్పు పట్టే రకమే కావాలి. ఆ మడ్డిని దాచి, ఎక్స్‌రే ఫిల్మ్ నుంచి వెండి తీసేవాళ్లకు ఇవ్వొచ్చు.

రెండేళ్ల తర్వాత మూలలో పగులు కనిపించింది. సింకు మొత్తం మార్చాలా?

అక్కర్లేదు. డ్రైన్ తీసేసి, సింకును ఎండలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. చిన్న సుత్తితో తట్టుతూ వెళ్తే పొర ఊడిన చోట బోలు శబ్దం వస్తుంది. ఆ మేర పొర కోసి తీసేసి, కింది చెక్కని గోరుతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అసిటోన్‌తో తుడిచి, మూల వంపు మళ్లీ ముద్దతో నింపి, పగులు దాటి మూడంగుళాల దాకా రెండు పొరల మ్యాట్ వేయండి. పాత ఫైబర్ మీద 60 నంబరు కాగితంతో బాగా గరుకు చేయకపోతే కొత్తది పట్టదు. చెక్క మెత్తగా, నల్లగా ఉంటే ఆ పలక ఒక్కటీ మార్చుకోవాలి.